నిల్

జూలై మొదటి వారంలో వచ్చింది సర్క్యులరు.
నా పేరు మూడో పేరాలో, ఇంటిపేరు తప్పుగా.
"ప్రస్తుత విధులకు అదనంగా
రక్షణ బాధ్యతలు కూడా నిర్వర్తించవలెను."
అదనపు జీతం ఊసు లేదు, సరే,
అదనపు తాళంచెవి కూడా లేదు.

స్టోర్సు గుమస్తా కూర్మారావు గారు
బీరువా అడుగు నుంచి లాగి, బూజు ఊది
చేతిలో పెట్టారు: ప్రమాదాల రిజిస్టరు.
పదకొండేళ్లు. నెలకో గీత. గీతకో మాట.
నిల్. నిల్. నిల్.
ఒక్క అక్టోబరులో మాత్రం
"తుపాను వల్ల కరెంటు లేదు. నిల్."

ఆ తుపానే కదా
కెమిస్ట్రీ ల్యాబు పొగగొట్టాన్ని పీక్కుపోయి
వెనక జీడితోటలో పడేసింది!
గొట్టం ఇప్పటికీ అక్కడే. ముంగిసలు కాపురం పెట్టాయి.
ఇక్కడ మీట నొక్కితే
ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది,
పొగ మాత్రం ఎక్కడికీ పోదు
మా ఉత్తరాల్లాగే.
డిపార్టుమెంటు నుంచి ఇంజనీరింగు సెక్షనుకి,
అక్కణ్ణుంచి రిజిస్ట్రారు పేషీకి,
"తగు చర్య నిమిత్తం" అని ఆకుపచ్చ సిరాతో
మళ్లీ డిపార్టుమెంటుకి.

మంటలార్పే ఎర్ర సిలిండరు మీద
నేను పీహెచ్‌డీ చేస్తున్ననాటి తేదీ.
కళ్లు కడిగే కొళాయి తిప్పాను:
ముందు గాలి, తర్వాత చీమల దండు,
ఆ తర్వాత తుప్పురంగు నీళ్లు, బొట్టు బొట్టు.
ప్రథమ చికిత్స పెట్టెకి తాళం.
తాళంచెవి సెలవులో ఉన్నావిడ హ్యాండ్‌బ్యాగులో.

ఇవన్నీ కాగితం మీద రాసుకుంటుంటే
తవిటమ్మ బీకర్లు కడుగుతోంది.
చేతులకి పాలకవర్లు, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు.
"గ్లవ్స్ ఇవ్వలేదా?"
"ఇచ్చినారు బావూ, టీమొచ్చినపుడు.
ఫొటో తీసీసి ఒట్టుకెల్లిపోనారు."

ఎడమచెయ్యి దాస్తోంది.
అడగ్గా అడగ్గా చూపించింది.
మూడు వేళ్ల కొసలు తెల్లగా, నానిన బియ్యంలా.
చూపుడువేలికి గీతల్లేవు.
ముద్ర పడటం లేదని
రేషన్ డిపోవాడు రెండు నెలలుగా తిప్పుతున్నాడట.

"మాయమ్మది పలాస. జీడిపప్పు ఒలిసీది.
ఆ సొన తినీసిన సేతుల్తోనే నాకు కూడెట్టీది.
ఆయమ్మకి నల్లగయినాయి, నాకు తెల్లగయినాయి.
అంతేను బావూ, ఏటుంది."

రిజిస్టరు తెరిచాను.
తేదీ రాశాను. స్థలం రాశాను.
'గాయపడిన వారి పేరు' దగ్గరికి వచ్చేసరికి
తడిచెయ్యి కాగితం మీద పడింది.
"రాయొద్దు బావూ.
పేరు రాస్తే ఏజెన్సీవోడు రేపట్నించి రావద్దంతాడు.
నిరుడు మెస్సులో గవరయ్యకి కాలు కాలితే రాసినారు.
ఏడీ గవరయ్య?"

కిటికీ అవతల హైవే మీద
లారీలు ఇచ్ఛాపురం వైపు పోతున్నాయి.
ఆ నిల్‌లన్నీ బద్ధకం అనుకున్నాను ఇందాకటి దాకా.
కొన్ని దయతో రాసినవి కూడా అయ్యుంటాయి.
ఆ దయే గొట్టాన్ని తోటలో ఉంచేసింది.

తడిమరక ఆరేదాకా ఆగాను.
ఆ గడిలో ఏమీ రాయలేదు, గీత కూడా కొట్టలేదు.
పక్క గడి 'బాధ్యులు'.
అందులో నా పేరు రాశాను,
ఇంటిపేరు ఈసారి సరిగ్గా.

కూర్మారావు గారు కళ్లజోడు నుదుటి మీదికి తోశారు.
"దెబ్బ ఎవరికో లేకుండా తప్పు ఎవరిదో రాస్తే
ఆడిట్‌లో అడుగుతారండీ."
"అడగమనండి. తోటలోకి తీసుకెళ్తాను."

సాయంత్రం శ్రీకాకుళం, ఏడురోడ్ల జంక్షన్ దగ్గర
మోచేతి దాకా వచ్చే గ్లవ్స్ రెండు జతలు అడిగాను.
బిల్లు యూనివర్సిటీ పేరు మీద రాయమన్నాను,
డబ్బు తిరిగొస్తుందని కాదు,
ఇది దానం కింద పోకూడదని.
"సైజు?" అన్నాడు కుర్రాడు.
నా అరచెయ్యి చాపాను.
చాపి, మళ్లీ కొంచెం ముడిచాను.
"ఇంతకన్నా చిన్నది," అన్నాను.